పుట్టింటి పట్టం, మెట్టినింటి పట్టం

డచెస్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఏదో ఓటీటీ సిరీసే. పెద్ద హాలు, కొవ్వొత్తుల వెలుగు, పట్టుగౌన్లు, మూల నిలబడి ముభావంగా చూసే ఒక డ్యూక్. ఏడెనిమిది ఎపిసోడ్లు అలకలూ అపార్థాలూ అయ్యాక పెళ్ళి. అమ్మాయి డచెస్ అయిపోతుంది, కథ కంచికి, మనం నిద్రకి. సిరీస్ బాగుంటుంది, కాదనను. నేను కూడా రాత్రి రెండింటిదాకా చూసినవాణ్ణే. కానీ ఆ పెళ్ళి మర్నాటి నుంచి ఆమె చేతికి నిజంగా ఏం వచ్చింది? కోట ఎవరి పేరున ఉంది? భర్త చచ్చిపోతే, లేదా పొమ్మంటే, ఆ బిరుదులో ఆమెకు మిగిలేది ఎంత? ఈ సంగతి ఏ సిరీసూ చెప్పదు.

ఆ ప్రశ్నలకి జవాబు కోసం స్కాట్లాండ్ డ్యూకుల భార్యల చరిత్ర తిరగేస్తే నాకొక విషయం బాగా పట్టింది. ఇంగ్లిష్‌లో డచెస్ అనేది ఒకటే మాట. కానీ ఆ మాట కింద రెండు రకాల మనుషులు ఉన్నారు. డ్యూక్‌ని పెళ్ళాడి డచెస్ అయినవాళ్ళు ఒక రకం. తండ్రి నుంచో, తన పేరునే రాసిచ్చిన రాజపత్రం నుంచో ఆ పట్టం తనదిగా వచ్చినవాళ్ళు ఇంకో రకం. వాళ్ళ చట్టంలో ఈ తేడాకి పొడుగాటి వివరణలు ఉన్నాయి. మనకి అంత శ్రమ అక్కర్లేదు, రెండు మాటలు చాలు: మెట్టినింటి పట్టం, పుట్టింటి పట్టం.

నేననేది ఇది. ఒక స్త్రీకి ఎంత పెద్ద బిరుదు ఉందన్నది తర్వాత, అది ఆమె దగ్గరికి ఏ దారిన వచ్చిందన్నది ముందు. ఆ దారి తెలియకుండా చరిత్రలో ఏ రాణినీ, ఏ దొరసానినీ మెచ్చుకున్నా తప్పే, జాలిపడినా తప్పే.

ముందు కాస్త నేపథ్యం. స్కాట్లాండ్‌లో డ్యూక్ అనే పట్టం మొదలైంది 1398లో. రాజు మూడో రాబర్ట్ తన పెద్దకొడుకు డేవిడ్‌ని రోథ్సే డ్యూక్‌ని చేశాడు, తన తమ్ముణ్ణి ఆల్బనీ డ్యూక్‌ని చేశాడు. డేవిడ్‌కి మొదట మార్చ్ ఎర్ల్ కూతురితో సంబంధం కుదిరింది. ఈలోగా అంతకంటే బలమైన డగ్లస్ వంశం ముందుకొచ్చింది. పాత సంబంధం తప్పిపోయి, డగ్లస్ ఇంటి అమ్మాయి రోథ్సే డచెస్ అయింది. అవమానంతో రగిలిపోయిన మార్చ్ ఎర్ల్ వెళ్ళి ఇంగ్లండ్ రాజు పక్షాన చేరాడు. ఇక డేవిడ్ 1402లో, తన బాబాయి ఆల్బనీ డ్యూక్ చెరలో, ఫాక్‌లాండ్‌లో చనిపోయాడు. పట్టం పుట్టిన నాలుగేళ్ళలో జరిగిన కథ ఇది. ఇందులో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. ఇద్దరినీ ఎవరూ ఏమీ అడిగినట్టు కనపడదు. వాళ్ళు బేరంలో తూకపు రాళ్ళు, అంతే. ఆ రోథ్సే పట్టం ఇంకా బతికే ఉంది. బ్రిటన్ యువరాజు స్కాట్లాండ్‌లో రోథ్సే డ్యూక్. 2022 నుంచి అక్కడ కేథరిన్‌ని రోథ్సే డచెస్ అంటారు, అంతకుముందు కెమిల్లాని అనేవారు.

నియమం చూడ్డానికి చాలా సింపుల్. డ్యూక్‌ని పెళ్ళాడిన స్త్రీ ఆ క్షణం నుంచి డచెస్. దరఖాస్తు లేదు, రాజుగారి సంతకం లేదు. భర్త పోయి కొడుకు డ్యూక్ అయితే, కోడలు డచెస్ అవుతుంది, అత్తగారు డవేజర్ డచెస్ అవుతుంది, అంటే వితంతు డచెస్. విడాకులైతే బిరుదు ముందు ఆమె సొంత పేరు తగిలించి మధ్యలో ఒక కామా పెడతారు. "మార్గరెట్, డచెస్ ఆఫ్ ఆర్గైల్" అన్నట్టు. చూసేవాళ్ళకి ఆ కామా చాలు, ఈవిడ మాజీ అని తెలిసిపోవడానికి.

ఇదే తిరగేసి చూడండి. తన హక్కున డచెస్ అయిన స్త్రీని ఒక మగవాడు పెళ్ళి చేసుకున్నాడు. ఆయన డ్యూక్ అవుతాడా? అవడు. భార్యకి భర్త బిరుదు దానంతట అదే వస్తుంది, భర్తకి భార్య బిరుదు రాదు. వినడానికి ఇది ఆడవాళ్ళకి లాభంగా ఉంటుంది గానీ, లోపలి లెక్క వేరు. భార్య అనే మనిషికి విడిగా హోదా ఉంటుందని ఆ చట్టం అనుకోలేదు. అందుకే భర్త హోదా ఆమె మీద కప్పేసింది.

స్కాట్లాండ్ ప్రత్యేకత ఏమిటంటే, ఈ కప్పులో అక్కడక్కడా చిల్లులు ఉన్నాయి. అక్కడి పాత పట్టాలు కొన్ని, కొడుకులు లేకపోతే కూతురికి వెళ్ళొచ్చు. 1707లో ఇంగ్లండ్‌తో కలిసిపోకముందు, పట్టం ఉన్నవాళ్ళు దాన్ని రాజుకి తిరిగి అప్పగించి, ఎవరికి పోవాలో కొత్తగా రాయించుకునే పద్ధతీ ఉండేది. పెళ్ళయినా స్త్రీలు కాగితాల మీద పుట్టింటి పేరు ఉంచుకునే అలవాటు కూడా అక్కడ చాలాకాలం నడిచింది. ఈ చిల్లుల్లోంచే కొందరు స్త్రీలు బయటికొచ్చారు. వాళ్ళలో ఇద్దరి పేరూ ఆన్.

మొదటి ఆన్ హామిల్టన్. ఆమె తండ్రి మొదటి హామిల్టన్ డ్యూక్. అంతర్యుద్ధంలో రాజు ఒకటో చార్లెస్ పక్షాన పోరాడి ఓడిపోయాడు, 1649లో తల నరికారు. పట్టం ఆయన తమ్ముడికి వెళ్ళింది. ఆయన 1651లో వూస్టర్ యుద్ధంలో తగిలిన గాయాలతో పోయాడు. 1643 నాటి పట్టం పత్రంలో ముందే ఒక మాట రాసి ఉంది: మగ వారసులు లేకపోతే మొదటి డ్యూక్ పెద్ద కూతురికి చెందాలి అని. అలా ఇరవై ఏళ్ళు కూడా నిండని అమ్మాయి మూడో హామిల్టన్ డచెస్ అయింది. అయితే ఏం లాభం? భూములు క్రామ్‌వెల్ మనుషుల చేతిలో ఉన్నాయి. ఆమెకి మిగిలినవి పట్టం, తండ్రీ బాబాయీ వదిలిపెట్టిన అప్పులు.

1656లో ఆమె సెల్‌కిర్క్ ఎర్ల్ విలియం డగ్లస్‌ని పెళ్ళాడింది. 1660లో రాజరికం తిరిగొచ్చింది. అప్పుడు ఆమె రాజుకి విన్నపం పెట్టుకుంది: నా భర్తని డ్యూక్‌ని చెయ్యండి అని. రాజు చేశాడు, కానీ ఆయన బతికున్నంతవరకే. చూడండి ఎంత తమాషాగా ఉందో. డ్యూక్‌ని కట్టుకుంటే ఏ ఆడపిల్లైనా ఆ పూటే డచెస్. డచెస్‌ని కట్టుకున్న మగవాడికి మాత్రం భార్య సిఫారసు చెయ్యాలి, రాజు సంతకం పెట్టాలి, అయినా అది జీవితకాలానికే.

ఆన్ మెల్లమెల్లగా అప్పులు తీర్చింది, భూములు దారిలో పెట్టింది, హామిల్టన్ ఊళ్ళో బడికి కొత్త భవనం కట్టించింది, వంశపు భవనాన్ని పెద్ద పాలెస్‌గా మార్చే పని పెట్టుకుంది. 1698లో తన పట్టాన్ని రాజుకి అప్పగించి పెద్దకొడుక్కి ఇప్పించింది. అంటే భర్త చనిపోతే కొడుకు డ్యూక్ అయిపోలేదు, అమ్మ ఇస్తేనే అయ్యాడు. 1716 దాకా బతికింది. ఆ పాలెస్ ఇప్పుడు లేదు. దాని కింద బొగ్గు గనులు తవ్వారు, నేల కుంగుతుందన్నారు, 1920ల్లో కూల్చేశారు. సివిల్ బ్రాంచి వాళ్ళకి ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

రెండో ఆన్ ఇంటిపేరు స్కాట్, పట్టం బక్లూ. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూస్తే నోరు తిరగదు, పలకడం మాత్రం బక్లూ అనే. అక్క చనిపోవడంతో పదేళ్ళ వయసులో ఈ అమ్మాయి ఆ వంశపు ఆస్తికంతా వారసురాలైంది. 1663లో, పన్నెండేళ్ళప్పుడు, రాజు రెండో చార్లెస్ వివాహేతర సంతానమైన పద్నాలుగేళ్ళ జేమ్స్‌తో పెళ్ళి చేశారు. ఆ కుర్రాడు ఇంగ్లండ్‌లో మాన్‌మత్ డ్యూక్. ఇద్దర్నీ కలిపి బక్లూ డ్యూక్, డచెస్ అని ప్రకటించారు. అబ్బాయే అమ్మాయి ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో అది ఆస్తి కోసం చేసిన పనే, ఆదర్శం ఏమీ కాదు. కానీ ఆ కాగితాల్లో ఒక మెలిక ఉంది: డచెస్ పట్టం ఆమెకు విడిగా, ఆమె పేరునే ఇచ్చారు.

ఆ మెలిక విలువ 1685లో తెలిసింది. తండ్రి పోయాక మాన్‌మత్ సింహాసనం నాదే అని తిరుగుబాటు చేశాడు, ఓడిపోయాడు, జూలైలో లండన్ టవర్ హిల్ మీద తల నరికారు. రాజద్రోహికి ఆస్తీ బిరుదూ ఏవీ మిగలవు. ఆయన ఇంగ్లిష్ పట్టం ఆయన తలతోపాటే పోయింది. ఆమె మెట్టినింటి డచెస్ మాత్రమే అయితే, రాజద్రోహి వితంతువుగా పిల్లల్ని పట్టుకుని చుట్టాల గడపలు తొక్కాల్సి వచ్చేది. అలా జరగలేదు. పట్టం తనది, భూములు తనవి. డాల్కీత్‌లో పాత కోటని పాలెస్‌గా కట్టించుకుంది. ఆ పని చేసిన ఆర్కిటెక్ట్ జేమ్స్ స్మిత్, హామిల్టన్ ఆన్ పాలెస్ పని చేసినాయనే. ఎనభై దాటాక 1732లో చనిపోయింది, పట్టం మనవడికి వెళ్ళింది. ఇప్పటి బక్లూ డ్యూక్ ఆ వంశంవాడే. ఒక మనిషి తలకీ ఒక వంశం నిలవడానికీ మధ్య అడ్డుపడ్డది ఒక కాగితం మీద ఒక స్త్రీ పేరు విడిగా రాసి ఉండటం. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే.

ఇప్పుడు రెండో దారి చూద్దాం. ఎలిజబెత్ గన్నింగ్ ఐర్లండ్ నుంచి వచ్చిన అమ్మాయి. డబ్బు లేదు, అందం ఉంది. అక్కాచెల్లెళ్ళు ఇద్దర్నీ చూడ్డానికి లండన్‌లో జనం ఎగబడేవారట. 1752లో ఆరో హామిల్టన్ డ్యూక్ ఆమెను చూసి ఆగలేకపోయాడు. అర్ధరాత్రి దాటాక మేఫెయిర్ చాపెల్‌లో పెళ్ళి. ఉంగరం లేకపోతే మంచం తెర ఉంగరం తొడిగారని ఆ కాలపు రచయిత హొరేస్ వాల్‌పోల్ తన ఉత్తరంలో రాశాడు. సిరీసుల వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి! ఆరేళ్ళకే డ్యూక్ పోయాడు. మరుసటి ఏడాది ఆమె జాన్ క్యాంప్‌బెల్‌ని పెళ్ళాడింది, ఆయన 1770లో ఆర్గైల్ డ్యూక్ అయ్యాడు. ఒక్క మనిషి రెండు వంశాలకి డచెస్. ఆమె కడుపున పుట్టిన నలుగురు కొడుకులు డ్యూకులయ్యారు, హామిల్టన్‌లో ఇద్దరు, ఆర్గైల్‌లో ఇద్దరు.

వెలుగు చూస్తే కళ్ళు చెదురుతాయి. కానీ నా లెక్కలో అడగాల్సిన ప్రశ్న వేరు. ఇందులో ఆమెది ఏది? మొదటి పట్టం మొదటి భర్తది, రెండోది రెండో భర్తది, తర్వాత కొడుకులవి. 1776లో రాజు మూడో జార్జ్ ఆమెకు ఒక బిరుదు ఇచ్చాడు, బారనెస్ అని. పీరేజి మెట్లలో బారన్ అట్టడుగు మెట్టు, డ్యూక్ పైమెట్టు. రెండుసార్లు పైమెట్టు మీద కూర్చున్న మనిషికి తన సొంతం అని చెప్పుకోడానికి దొరికింది అట్టడుగు మెట్టు. అప్పు తెచ్చుకున్న నగకీ సొంత నగకీ తేడా పెట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ఫొటోలో తెలియదు.

ఇక్కడిదాకా చదివి, "అయితే పుట్టింటి పట్టం మంచిది, మెట్టినింటిది చెడ్డది, అంతేగా?" అని మీరు తేల్చేస్తే మాత్రం నేను ఒప్పుకోను. హక్కు చేతిలో ఉండటం వేరు, దాన్ని ఎలా వాడారన్నది వేరు. దీనికి సాక్ష్యం సదర్లాండ్.

ఎలిజబెత్ సదర్లాండ్‌కి ఏడాది వయసప్పుడు, 1766లో, తల్లీతండ్రీ జ్వరంతో పోయారు. ఎర్ల్ పట్టం ఆడపిల్లకి వస్తుందా రాదా అని కేసు నడిచింది. 1771లో లార్డ్స్ సభ వస్తుందని తేల్చింది. ఆడపిల్ల హక్కుకి గెలుపే. స్కాట్లాండ్ ఉత్తరాన విశాలమైన భూమి ఆమె పేరు మీదికి వచ్చింది. 1785లో ఆమె ఇంగ్లండ్‌లో మహా సంపన్న వంశానికి చెందిన లెవ్‌సన్‌గవర్‌ని పెళ్ళాడింది. మాంచెస్టర్‌కి బొగ్గు చేర్చిన బ్రిడ్జ్‌వాటర్ కాలువ ఆదాయం తర్వాత ఆయన చేతికి వచ్చింది. భూమి ఆమెది, డబ్బు ఆయనది. ఇద్దరూ కలిసి ఆ భూముల్ని "అభివృద్ధి" చెయ్యాలనుకున్నారు.

అభివృద్ధి అంటే లోయల్లో తరతరాలుగా సేద్యం చేసుకుంటూ పశువుల్ని మేపుకునే రైతుల్ని లేపేసి, ఆ నేలని గొర్రెల పెంపకానికి పెద్ద కౌలుదార్లకి ఇవ్వడం. లేపేసిన కుటుంబాల్ని సముద్రపు ఒడ్డుకి తోలి, చేపలు పట్టుకుని బతకమన్నారు. 1814లో స్ట్రాత్‌నేవర్‌లో ఇళ్ళు తగలబెట్టించాడని, ఆ క్రమంలో మనుషులు చనిపోయారని ప్యాట్రిక్ సెల్లార్ అనే ఉద్యోగి మీద 1816లో విచారణ జరిగింది, నిర్దోషి అని వదిలేశారు. ఖాళీ చేయించడాలు ఆ తర్వాత కూడా ఆగలేదు. చరిత్రలో వీటిని సదర్లాండ్ క్లియరెన్సులు అంటారు. అక్కడ జనం ఈనాటికీ మరిచిపోలేదు. 1833లో ఆమె భర్తని సదర్లాండ్ డ్యూక్‌ని చేశారు. దాంతో ఆమె "డచెస్ కౌంటెస్" అయింది, పుట్టింటి పట్టమూ మెట్టినింటి పట్టమూ ఒకేసారి. ఆ ఏడే ఆయన పోయాడు. గోల్స్పీ దగ్గర కొండ మీద ఆయనకి ఎత్తయిన విగ్రహం పెట్టారు. ఎవరి నేల మీద ఇదంతా జరిగిందో ఆమెకి కొండ మీద విగ్రహమూ లేదు, కింద తిట్లలో పూర్తి వాటా కూడా లేదు. అధికారం ఉన్న స్త్రీని చరిత్ర నుంచి తప్పించడం ఆమెకి గౌరవం కాదు. చేసిన మంచికి పేరు రావాలంటే చేసిన చెడుకి బాధ్యత కూడా రావాలి.

ఆమె కోడలు హారియెట్ మెట్టినింటి డచెస్. విక్టోరియా రాణికి దగ్గర మనిషి. 1850ల మొదట్లో అమెరికాలో బానిసత్వానికి వ్యతిరేకంగా బ్రిటన్ స్త్రీల విన్నపం ఆమె లండన్ భవనంలోనే తయారైంది. మంచి పనే. కానీ 1853లో కార్ల్ మార్క్స్ ఒక అమెరికా పత్రికలో అడిగాడు: సదర్లాండ్ రైతుల్ని గెంటేసిన సొమ్ము మీద కూర్చుని బానిసల గురించి మాట్లాడుతున్నారా అని. ఆ గెంటివేతలు హారియెట్ చెయ్యలేదు, అప్పుడు ఆమె చిన్నపిల్ల. అయినా పెళ్ళితో బిరుదు వచ్చినప్పుడు దాని వెనకున్న పాపం కూడా పసుపు కుంకుమలా వస్తుంది. మార్క్స్ అడిగింది న్యాయమే అని నా ఉద్దేశం. వచ్చిన బిరుదు వద్దనుకోలేనప్పుడు, దాని చరిత్ర నాది కాదనడం కుదరదు.

రెండో వైపు కూడా ఒక సాక్ష్యం ఉంది. మెట్టినింటి పట్టం ఉన్నంతమాత్రాన ఆమె బొమ్మ అనుకోకూడదు. కేథరిన్ స్టీవర్ట్ ముర్రే, ఆథల్ డ్యూక్ భార్య. ఒకప్పుడు స్త్రీలకి ఓటు వద్దని వాదించిన మనిషి. అదే మనిషి 1923లో స్కాట్లాండ్ నుంచి పార్లమెంటుకి ఎన్నికైన తొలి మహిళ అయింది. డచెస్ వెళ్ళి సామాన్యుల సభలో ఎలా కూర్చుంది అంటారా? అక్కడే ఉంది కిటుకు. లార్డ్స్ సభలో సీటు భర్తది, భార్యకి లేదు. కాబట్టి కామన్స్ సభకి పోటీ చెయ్యడానికి ఆమెకు అడ్డు లేదు. పట్టం నిజంగా ఆమెది కాకపోవడమే ఆమెకు దారి అయింది! పుట్టింటి పట్టం ఉన్న లేడీ రోండా 1922లో లార్డ్స్ సభలో సీటు అడిగితే, ఆడవాళ్ళకి లేదని వెనక్కి పంపేశారు.

ఆమెది కన్సర్వేటివ్ పార్టీ. విద్యాశాఖలో చిన్న మంత్రి పదవి కూడా చేసింది, ఆ పార్టీలో మంత్రి పదవి అందుకున్న తొలి మహిళ ఆమే. మనకి మాత్రం ఆమె మిత్రురాలు కాదు. ఏ చట్టం కింద 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో మన తెలుగు జిల్లాలవాళ్ళు ఓట్లేశారో, ఆ 1935 భారత ప్రభుత్వ చట్టాన్ని వ్యతిరేకించి పార్టీ విప్‌నే వదులుకుంది. ఆ మాత్రం అధికారం కూడా భారతీయులకి ఇవ్వకూడదన్న వర్గం ఆమెది. ఇది దాచి ఆమెను పొగిడితే మోసం అవుతుంది. కానీ స్పెయిన్ అంతర్యుద్ధం వచ్చేసరికి ఆమె తన పార్టీకి అడ్డం తిరిగింది. ఫాసిస్టులకి వ్యతిరేకంగా నిలబడింది, బాస్క్ పిల్లల్ని బ్రిటన్‌కి తీసుకొచ్చే పనిలో ముందుంది, "ఎర్ర డచెస్" అనిపించుకుంది. హిట్లర్‌తో రాజీ వద్దంటూ 1938లో సీటు వదిలేసి మళ్ళీ పోటీ చేసింది. డిసెంబరు చలిలో ఉప ఎన్నిక జరిగింది, పదమూడు వందల పైచిలుకు ఓట్లతో ఓడిపోయింది. ఏడాది తిరక్కుండానే ఆమె చెప్పిన యుద్ధం వచ్చింది. భర్త ఇచ్చిన పేరుతో మొదలుపెట్టి, ఆ పేరుకి తన అర్థం తాను సంపాదించుకున్న మనిషి ఆమె.

చివరిగా ఆర్గైల్ డచెస్ మార్గరెట్. ఆమె కథ మన తరానికి అన్నిటికంటే దగ్గర. బాగా డబ్బున్న స్కాటిష్ వ్యాపారి కూతురు. 1951లో పదకొండో ఆర్గైల్ డ్యూక్‌ని పెళ్ళాడింది, ఆయనకి అది మూడో పెళ్ళి. ఇన్‌వరరీ కోట మరమ్మతుకి ఆమె వైపు డబ్బు ఖర్చయింది. తర్వాత చెడింది. భర్త ఆమె బీరువా పగలగొట్టించి డైరీలు, అంతరంగికమైన ఫొటోలు పట్టుకెళ్ళి కోర్టులో పెట్టాడు. 1963లో విడాకులు వచ్చాయి. తీర్పులో జడ్జి ఆమె శీలం మీద చెప్పినదంతా పత్రికలు పండగ చేసుకున్నాయి. పరాయి ఇంట్లో బీరువా పగలగొట్టడం గురించి అంత చర్చ జరగలేదు.

ఆ తర్వాత డ్యూక్ తమ కాపురపు రహస్యాలు ఒక ఆదివారం పత్రికకి అమ్ముకోబోయాడు. మార్గరెట్ కోర్టుకి వెళ్ళింది, గెలిచింది. భార్యాభర్తలు నమ్మకంతో చెప్పుకున్న మాటల్ని కాపాడాల్సిన బాధ్యత విడాకులతో తీరిపోదని, ఆమె తప్పు చేసి ఉన్నా సరే భర్తకి వాటిని బజారున పెట్టే హక్కు రాదని ఇంగ్లండ్ కోర్టు తేల్చింది. గోప్యత గురించి చదివే లా విద్యార్థులు ఆ కేసు నేటికీ చదువుతారు. ప్రతి జేబులో కెమెరా ఉన్న రోజుల్లో, విడిపోయాక పాత ఫొటోలు గ్రూపుల్లో పెట్టి పగ తీర్చుకునే రోజుల్లో, ఈ తీర్పు ఎవరి కోసమో వేరే చెప్పక్కర్లేదు. బిరుదు విషయంలో ఆమెకు మిగిలింది ఆ కామా. చట్టం విషయంలో మాత్రం ఆమె పేరు మీద ఒక సూత్రం మిగిలింది. డ్యూకుల ఇంట్లో పుట్టినవాళ్ళు చాలామంది అంతకూడా మిగల్చలేదు.

అదే 1963లో ఇంకో రెండు జరిగాయి. అయిదో సదర్లాండ్ డ్యూక్ పిల్లలు లేకుండా పోయాడు. డ్యూక్ పట్టం మగవాళ్ళకే కాబట్టి దూరపు దాయాదికి వెళ్ళింది. పాత ఎర్ల్ పట్టం ఆడవాళ్ళకీ వస్తుంది కాబట్టి తమ్ముడి కూతురికి వచ్చింది. ఒకే మనిషి చనిపోతే ఒకే పేరున్న రెండు పట్టాలు రెండు దారులు పట్టాయి. ఆ ఏడే వచ్చిన పీరేజి చట్టంతో పుట్టింటి పట్టం ఉన్న స్త్రీలకి లార్డ్స్ సభలో కూర్చునే హక్కు వచ్చింది. లేడీ రోండా అడిగిన నలభై ఒక్క ఏళ్ళకి. అప్పటికి ఆమె లేదు.

కాబట్టి మిత్రులారా, ఇకమీద ఎక్కడైనా పెద్ద బిరుదున్న స్త్రీ కనపడితే, చరిత్ర పుస్తకంలోనైనా తెర మీదైనా, రెండు ప్రశ్నలు వేసి చూడండి. ఇది ఎవరిచ్చారు? ఎవరు వెనక్కి తీసుకోగలరు? ఈ రెంటికీ జవాబు దొరికాక మూడోది అడగండి: దీంతో ఆమె ఏం చేసింది? మొదటి రెండూ అడక్కుండా మూడోది అడిగితే ఆమెకు అన్యాయం. మూడోది అడక్కుండా వదిలేస్తే సదర్లాండ్ లోయల్లో ఇల్లు కాలినవాళ్ళకి అన్యాయం.

పాత సంగతులు ఇప్పుడెందుకు అనుకునేవాళ్ళ కోసం ఒక్క మాట. 2013లో బ్రిటన్ తన సింహాసనం రూలు మార్చుకుంది. 2011 అక్టోబరు 28 తర్వాత పుట్టిన పిల్లల్లో ముందు పుట్టింది అమ్మాయైతే, తమ్ముడు ఉన్నా సరే ఆమే రాణి. డ్యూకుల పట్టాల జోలికి మాత్రం ఆ చట్టం పోలేదు. చాలామటుకు అవి ఈనాటికీ మగపిల్లలకే. అంటే ఆ దేశంలో కూతురికి రాజ్యం రావచ్చు గానీ, నాన్న డ్యూక్ పట్టం రాకూడదు. డచెస్ కావాలంటే ఇప్పటికీ దగ్గరి దారి పెళ్ళే.